నాటు కట్టు కట్టించుకునే ముందు...

వరి కోతలు మొదలయ్యాయంటే పల్లెల్లో కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకునేవారు ఎక్కువవుతారు. గడ్డివాము మీద నుంచి జారేవారు కొందరు. ట్రాక్టరు తొట్టిలో నిలబడి ప్రయాణం చేస్తూ గుంత దగ్గర ఎగిరి పడేవారు కొందరు. తడి గట్టు మీద బస్తా మోస్తూ కాలు మెలిపడేవారు ఇంకొందరు. కల్లు గీసేవారికి కాలంతో పని లేదు, ఏడాది పొడుగునా గండమే. ఇక బడి పిల్లలకు జామచెట్లు, చింతచెట్లు ఉండనే ఉన్నాయి.

దెబ్బ తగిలినవాణ్ణి తెచ్చి మంచం మీద పడుకోబెట్టగానే చుట్టూ చేరిన పదిమందీ పది మాటలు చెబుతారు. అందులో ఒక మాట మాత్రం ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. "ఆసుపత్రికి వద్దు బాబాయ్, కోసి రాడ్డు వేస్తారు. కట్టు కట్టించు, నెల తిరక్కుండా లేచి నడుస్తాడు" అని.

ఆ మాట చెప్పినవారిని తప్పు పట్టలేము. వారి ఇంట్లోనో, పక్క ఇంట్లోనో ఎవరికో ఒకరికి కట్టుతో నయమై ఉంటుంది. పట్నం ఆసుపత్రికి పోతే ఎంత అవుతుందో, ఎన్నాళ్లు ఉండాలో, వెంట ఎవరుండాలో తెలియదు. కట్టు కట్టే మనిషి అయితే దగ్గర్లోనే ఉంటాడు, మన భాషలో మాట్లాడతాడు, సాయంత్రానికి ఇంటికి పంపేస్తాడు. కోతల రోజుల్లో ఇంటి మనిషి నాలుగు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చుంటే పొలం సంగతేమిటి? ఈ లెక్కలన్నీ న్యాయమైనవే. అయితే ఏ ఎముక విరిగింది, ఎలా విరిగింది అన్న లెక్క మాత్రం ఆ మంచం దగ్గర ఎవరూ వెయ్యరు. చెయ్యి నిలిచేదీ పోయేదీ చాలాసార్లు తేలేది అక్కడే.

కుందేలు కథ

ఎముకల కట్టు అనగానే మన వైపు వారికి గుర్తుకు వచ్చే పేరు పుత్తూరు. పాత చిత్తూరు జిల్లాలో, రేణిగుంట నుంచి అరక్కోణం పోయే రైలు దారిలో ఉన్న ఊరు అది. ఆ ఊరి పక్కనే ఉన్న రాచపాళెంలో కేశవరాజు అనే ఆయన 1881 ప్రాంతంలో ఈ వైద్యం మొదలుపెట్టారని చెప్పుకుంటారు. అడవిలో కాలు విరిగిన కుందేలుకు ఏదో ఆకు చుట్టి తేగా, అది కోలుకున్నదని, అప్పటి నుంచి ఆ ఆకు మహిమ తెలిసిందని కథ. చెప్పేవారిని బట్టి కథ కొంత మారుతూ ఉంటుంది. కట్టే పద్ధతి మాత్రం అందరూ చూసిందే. ఆకు మందును కోడిగుడ్డు సొనతో కలిపి దెబ్బ మీద పట్టు వేసి, గుడ్డ చుట్టి, పైన వెదురు బద్దలు పెట్టి బిగిస్తారు. సొన ఆరేకొద్దీ పట్టు గట్టిపడుతుంది. ఆంధ్ర, తమిళ, కన్నడ ప్రాంతాల నుంచి జనం అక్కడికి వెళ్లడం తరాలుగా సాగుతూ వస్తోంది.

ఆ పేరుకు ఉన్న గిరాకీ వల్ల ఇవాళ "పుత్తూరు కట్టు" అన్న బోర్డు లేని పట్నం లేదు. బస్టాండు దగ్గర, సంత దారిలో, లాడ్జి మేడ మెట్ల కింద కూడా ఆ బోర్డు కనిపిస్తుంది. ఆ బోర్డు పెట్టుకున్నవారికి పుత్తూరుతో ఏమైనా సంబంధం ఉందా, ఎవరి దగ్గర ఎన్నాళ్లు నేర్చుకున్నారు అని అడిగేవారు అరుదు. పల్లెల్లో వేరే రకం వారూ ఉన్నారు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన పని అని చెప్పి, డబ్బు పుచ్చుకోకుండా కట్టేవారు ఉన్నారు. వీరందరినీ ఒకే గాట కట్టడం సరికాదు.

ఈ పని చేసేవారు మన దగ్గరే ఉన్నారనుకోవడమూ పొరపాటే. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఇవాన్ థామస్ అనే ఆయన డిగ్రీ లేని ఎముకల కట్టు వైద్యుడే. అక్కడి డాక్టర్లతో తగువులు పడి విసిగిన ఆయన తన కొడుకులను వైద్య కళాశాలలకు పంపి చదివించారు. వారిలో హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) విరిగిన తొడ ఎముక కదలకుండా పట్టి ఉంచే ఇనుప చట్రం తయారు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికుల చావులు ఆ చట్రం వల్ల బాగా తగ్గాయి. ఇప్పటికీ మన ఆసుపత్రులలో దాన్ని థామస్ స్ప్లింట్ అనే పిలుస్తారు. తండ్రి చేతి పనితనానికి కొడుకు చదువు తోడైంది. కట్టు వేసేవారిని చూసి నవ్వే డాక్టర్లకు ఈ సంగతి తెలిస్తే మంచిది.

అతికించేది ఎవరు?

విరిగిన ఎముకను ఆకు అతికించదు, పిండికట్టు అతికించదు, రాడ్డూ అతికించదు. ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. విరిగిన చోట మొదట రక్తం గడ్డ కడుతుంది. రెండు మూడు వారాలకు అక్కడ మెత్తని ముద్దలాంటి కొత్త కణజాలం పుడుతుంది. ఆ తర్వాత అది గట్టిపడి ఎముకగా మారుతుంది. పెద్దవారిలో చేతి ఎముకకు సుమారు 6 నుంచి 8 వారాలు, కాలి ఎముకకు 12 వారాలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. చిన్నపిల్లల్లో ఇందులో సగం కాలానికే అతుకుతుంది. పొగ తాగేవారిలో, అదుపులో లేని చక్కెర జబ్బు ఉన్నవారిలో ఆలస్యమవుతుంది.

మనిషి చేయవలసిన పని రెండే. విరిగిన ముక్కలను సరైన వరుసలో పెట్టడం ఒకటి. అవి అతికేదాకా కదలకుండా పట్టి ఉంచడం రెండోది. ఎముక ముక్కలు పక్కకు జరగకుండా, కేవలం చిట్లి ఉంటే మొదటి పని అవసరమే ఉండదు. అటువంటి చోట వెదురు బద్ద కట్టినా, పిండికట్టు వేసినా ఎముక అతుకుతుంది. కట్టుతో నయమైందని చెప్పుకునే వాటిలో చాలా భాగం ఇలాంటివే. కొన్ని అసలు విరిగినవే కావు. కాలు బెణికి వాచినప్పుడు కూడా "ఎముక చిట్లింది" అని చెప్పి కట్టు వేస్తారు. బెణుకు మూడు వారాల్లో తగ్గుతుంది, పేరు కట్టుకు వస్తుంది. ఎక్స్‌రే తీయించలేదు కనుక నిజం తేలదు.

రాంట్‌జెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఎక్స్ కిరణాలను కనిపెట్టింది 1895లో. అంతకుముందు డాక్టరైనా, నాటు వైద్యుడైనా చేత్తో తడిమి చూసి ఊహించవలసిందే. ఆ రోజుల్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఈ రోజుల్లో ఫిల్ము చూడకుండా కట్టు కట్టడం కళ్లకు గంతలు కట్టుకుని ఎద్దుల బండి తోలడమే.

బిగుతులోనే ముప్పు

కట్టు వల్ల వచ్చే కీడులో అన్నిటికంటే పెద్దది బిగుతు. ఇది ఎలా జరుగుతుందో ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

దెబ్బ తగిలిన చోట మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతూ పోతుంది. దెబ్బ తగిలిన గంటకే వెదురు బద్దలు పెట్టి గట్టిగా బిగించారనుకుందాం. లోపల వాపు పెరుగుతుంది. బయట కట్టు సాగదు. పెరిగిన వాపు పోయే చోటు లేక లోపలి కండను, నరాలను, సన్నని రక్తనాళాలను నొక్కుతుంది. రక్తం ఆడదు. రక్తం ఆడని కండ నాలుగు గంటలు ఓర్చుకుంటుంది, ఆరు గంటలు అయ్యేసరికి చావడం మొదలవుతుంది. ఆ తర్వాత కట్టు విప్పినా పోయిన కండ తిరిగి రాదు. కొందరికి చేతి వేళ్లు పక్షి గోళ్లలా లోపలికి ముడుచుకుపోయి, జన్మలో తిరిగి చాపలేకపోతారు. కొందరికి చెయ్యో కాలో నల్లబడి కుళ్లిపోతుంది. అప్పుడు ప్రాణం కాపాడడానికి దాన్ని తీసివేయక తప్పదు. మొదట విరిగింది చిన్న ఎముకే అయి ఉంటుంది. చెయ్యి పోయేది ఎముక వల్ల కాదు, కట్టు వల్ల.

వేళ్లు ముడుచుకుపోయే ఈ అవిటితనం బిగుతు కట్ల వల్ల వస్తుందని ఫోక్‌మన్ అనే జర్మన్ శస్త్ర వైద్యుడు వివరించారు. విచిత్రమేమంటే ఆయన ఆ వ్యాసం ప్రచురించింది కూడా 1881లోనే. ఆయన చూసినవి నాటు కట్లు కావు, ఆసుపత్రి కట్లే. పిండికట్టు బిగిసినా ఇదే ప్రమాదం. డాక్టరు వేశాడు కదా అని ధీమాగా ఉండడానికి వీల్లేదు.

బిగుతు సంగతి మన పూర్వులకు తెలియదా అంటే, తెలుసు. సుశ్రుత సంహితలో విరిగిన ఎముకలకు కట్టు కట్టడం గురించి ఒక అధ్యాయమే ఉంది. వెదురు, మర్రి, మేడి వంటి చెట్ల పట్టలతో బద్దలు చేసుకోవాలని అందులో ఉంది. కట్టు వదులైతే కీలు నిలవదని, బిగుతైతే వాపు, నొప్పి, చీము వస్తాయని స్పష్టంగా చెప్పారు. కట్టు విప్పి మళ్లీ కట్టడానికి గడువు కూడా పెట్టారు. చలికాలంలో 7 రోజులకు ఒకసారి, సామాన్య కాలంలో 5 రోజులకు, ఎండాకాలంలో 3 రోజులకే మార్చాలన్నారు. "కట్టు విప్పితే మందు పనిచేయదు, నలభై రోజుల దాకా ముట్టుకోవద్దు" అనేవారు తమది పూర్వుల వైద్యమని చెప్పుకుంటే నమ్మనక్కరలేదు. పూర్వులు అలా చెప్పలేదు.

గోరు నొక్కి చూడాలి

కట్టు ఎవరు వేసినా, మొదటి రెండు రోజులు ఇంట్లో ఒకరు కాపలా ఉండాలి. చేతికి కట్టు వేస్తే వేళ్లు, కాలికి వేస్తే కాలి వేళ్లు బయటికి కనపడుతూ ఉండాలి. గంటకోసారి గోరు మీద వేలితో నొక్కి వదలాలి. నొక్కినప్పుడు గోరు కింద తెల్లబడుతుంది. వదిలిన రెండు సెకన్లలో, అంటే "ఒకటి, రెండు" అని లెక్కపెట్టేలోపు మళ్లీ ఎరుపు రావాలి. రాకపోతే రక్తం సరిగా ఆడడం లేదని అర్థం. అయితే ఎరుపు వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండరాదు. అంతకంటే ముందే తెలిపే గుర్తు నొప్పి.

కట్టు వేసి కదలకుండా పెట్టాక నొప్పి తగ్గుముఖం పట్టాలి. గంట గంటకూ పెరుగుతూ, మాత్ర వేసినా తగ్గకుండా, ఓర్చుకోలేనంత అవుతోందంటే అది చెడు గుర్తు. వేళ్లను మెల్లగా చాపి చూడండి. చాపగానే కెవ్వుమంటే ఆలస్యం చేయరాదు. వేళ్లు చీమలు పాకినట్టు ఉండడం, మొద్దుబారడం, చల్లబడడం, నీలం రంగుకు తిరగడం, కదపలేకపోవడం ఇవన్నీ ఆ తర్వాత వచ్చే గుర్తులు. అన్నీ వచ్చేదాకా ఆగితే అప్పటికే కండ పోయి ఉంటుంది.

ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. "అయ్యా, రాత్రంతా కన్ను మూయలేదు, వేళ్లు మొద్దుబారాయి" అని కట్టిన మనిషికి కబురు పెడితే, "మందు లాగుతోందమ్మా, రెండు రోజులు ఓర్చుకో" అని జవాబు వస్తుంది. తల్లి నమ్ముతుంది. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి మూడో రోజుకు ఊరుకుంటాడు. నొప్పి తగ్గిందని సంతోషిస్తారు. నొప్పి తెలిపే నరం చచ్చిపోయిందని అప్పుడు వారికి తెలియదు. ఊళ్లోని ఆర్.ఎం.పి. చేత నొప్పికి సూది మీద సూది వేయించడమూ ఇటువంటిదే. హెచ్చరించే నోరు నొక్కేసినట్లవుతుంది. చక్కెర జబ్బు వల్ల కాళ్లకు స్పర్శ తగ్గినవారి సంగతి మరీ కష్టం. కట్టు బిగిసినా వారికి నొప్పి తెలియదు. వారి విషయంలో కంటితో చూసి తెలుసుకోవలసిందే.

అనుమానం రాగానే కట్టిన మనిషి కోసం ఎదురు చూడనక్కరలేదు. అర్ధరాత్రి అయినా సరే కత్తెర తీసుకుని కట్టును ఈ చివర నుంచి ఆ చివర దాకా, చర్మం కనిపించేలా లోపలి గుడ్డతో సహా నిలువునా కోసేయాలి. పిండికట్టు అయితే ఇంట్లో కోయడం సాధ్యం కాదు, వెంటనే వేసిన చోటికి వెళ్లాలి. దెబ్బ తగిలిన చెయ్యిని గుండె ఎత్తున ఉంచి, తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోను చేసి పెద్దాసుపత్రికి చేరాలి. ఎముక మళ్లీ జరిగిపోతుందేమో అన్న భయం వద్దు. జరిగిన ఎముకను మర్నాడు సరిచేయవచ్చు.

ఆఫ్రికాలోనూ నాటు కట్లకు గిరాకీ ఎక్కువే. నైజీరియా డాక్టర్లు నాటు కట్టు వల్ల వచ్చే కుళ్లుకు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టి వైద్య పత్రికలలో రాశారు. ఇథియోపియాలో ఒక ఆసుపత్రిలో తీసివేసిన కాళ్లూ చేతులలో దాదాపు సగం ఇటువంటివేనని లెక్క తేలింది. అక్కడి డాక్టరు పోలీసులను పిలవలేదు. చుట్టుపక్కల కట్టు వేసేవారిని పిలిచి, ఒక్క రోజు కూర్చోబెట్టి బిగుతు సంగతి, గోరు నొక్కి చూసే సంగతి నేర్పారు. ఆ తర్వాత ఆ ఆసుపత్రిలో ఇటువంటి కోతలు బాగా తగ్గాయని 2005లో ప్రచురించారు. మన జిల్లాలలో ఇటువంటి తరగతి పెట్టడానికి ఖర్చేమంత అవుతుంది? ఒక పూట భోజనం, బస్సు చార్జీలు.

వీటికి కట్టు వద్దేవద్దు

కొన్ని దెబ్బలకు నాటు కట్టు అన్న ఆలోచనే పెట్టుకోరాదు. మొదటిది చర్మం చీలి ఎముక బయటికి వచ్చినది, లేదా విరిగిన చోట పైన పుండు పడినది. పుండు చిన్నదైనా సరే. దాని మీద ఆకు పసరు, పసుపు, పేడ, కాఫీ పొడి ఏది పెట్టినా లోపలికి క్రిములను పంపినట్లే. ఎముకకు చీము పడితే ఏళ్ల తరబడి కారుతూనే ఉంటుంది. ధనుర్వాతం వస్తే ప్రాణానికే ముప్పు. శుభ్రమైన గుడ్డ కప్పి, ఆరు గంటలు దాటకుండా ఆసుపత్రికి చేర్చాలి.

పిల్లలు చెయ్యి ఆనించి పడినప్పుడు మోచేతికి కొంచెం పైన ఎముక విరగడం సర్వసాధారణం. అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. ఆ చోట ఎముక ముందు నుంచే చేతికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం, నరాలు పోతాయి. ఫోక్‌మన్ చెప్పిన అవిటితనం ఎక్కువగా వచ్చేది ఇక్కడే. పిల్లల మోచేతికి నాటు కట్టు కట్టరాదు, నూనె పోసి తోమరాదు. మోచేతిని తోమితే కండలో కొత్తగా ఎముక పుట్టి కీలు బిగుసుకుపోతుంది. తర్వాత ఆ చేత్తో ముద్ద నోటికి అందదు.

స్నానాల దగ్గరో, గడప దగ్గరో జారిపడిన ముసలివారు లేవలేక, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి ఎముక విరిగిందని అర్థం. తుంటికి ఏ బద్ద కట్టినా ఆగదు. "ఈ వయసులో ఆపరేషనెందుకు, పడి ఉంటుందిలే" అని మంచాన వదిలేస్తే పుండ్లు పడి, ఊపిరితిత్తులకు నెమ్ము చేసి, కాలి నాళాల్లో రక్తం గడ్డకట్టి ఆ ముసలమ్మ నెలల్లోనే పోతుంది. ఆపరేషను వయసు మళ్లినవారికే ఎక్కువ అవసరం. అది రెండు రోజుల్లోపు జరిగితే మంచిది.

చెట్టు మీద నుంచి పడినవారికి మెడ, వెన్ను విరిగి ఉండవచ్చు. లేపి కూర్చోబెట్టడం, నీళ్లు తాగించడం, భుజాన వేసుకుని ఆటోలో కుక్కడం వల్ల వెన్నుపాము తెగి నడుము కింద అంతా చచ్చుబడిన సందర్భాలు ఉంటాయి. ఒక తలుపు చెక్క తెచ్చి, నలుగురు కలిసి తల, నడుము ఒకే వరుసలో ఉండేలా ఒక్కసారిగా దొర్లించి ఎక్కించాలి. అలాగే దెబ్బే తగలకుండా ఎముక దగ్గర వాపు పెరుగుతుంటే, రాత్రిళ్లు నొప్పి వస్తుంటే అది కట్లతో పోయేది కాదు. క్షయ కావచ్చు, ఎముక గడ్డ కావచ్చు. తోమితే గడ్డ ముదురుతుంది.

బోర్డు కాదు, మనిషిని చూడాలి

ముందు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించి, ఎముకల డాక్టరు అభిప్రాయం తెలుసుకోవడమే మంచిది. ఎముక జరగలేదు, ఆపరేషను అక్కరలేదు అని డాక్టరు చెప్పిన తర్వాత కూడా నాటు కట్టు మీదే నమ్మకం ఉన్నవారు ఉంటారు. అటువంటివారు కట్టే మనిషిని ఎలా ఎంచుకోవాలి?

అతను మొదట ఏమి అడుగుతాడో గమనించాలి. ఎక్స్‌రే ఉందా అని అడిగితే, ఫిల్మును వెలుతురుకు పట్టి చూస్తే కొంత నయం. ఫిల్ము చూపించబోతే "అదెందుకు, నా చెయ్యే ఎక్స్‌రే" అంటే అక్కడి నుంచి లేచి రావడం మేలు. పుండు ఉందా, వేళ్లు కదులుతున్నాయా, చక్కెర జబ్బు ఉందా అని అడిగేవాడు పని తెలిసినవాడు. అన్నిటికంటే మంచి గుర్తు ఇంకొకటుంది. "ఇది నాతో కాదు, ఆసుపత్రికి తీసుకుపోండి" అని ఈ నెలలో ఎంతమందికి చెప్పావు అని అడిగి చూడండి. ఒక్కరికీ చెప్పలేదంటే, తన పని హద్దు అతనికి తెలియదన్నమాట. వచ్చినవారందరికీ కట్టు కట్టేవాడికంటే కొందరిని వెనక్కి పంపేవాడే నమ్మదగినవాడు.

కట్టేటప్పుడు వేళ్లు బయట ఉంచుతాడా? మర్నాడు మళ్లీ రమ్మంటాడా? "నొప్పి పెరిగితే విప్పేయండి" అని తనే చెబుతాడా? ఈ మూడూ చేసేవాడి దగ్గర ముప్పు తక్కువ. మత్తు లేకుండా నలుగురి చేత పట్టించి ఎముకను లాగేవాడు, దెబ్బ మీద నూనె పోసి తోమేవాడు, వాపు తీయకముందే బద్దలు బిగించేవాడు వద్దు. ఎన్ని కట్లు పడతాయి, ఒక్కో కట్టుకు ఎంత అని ముందే చెప్పించుకోవాలి. మొదటి కట్టు చవక అని చెప్పి, ఆ తర్వాత కట్టు కట్టుకూ, నూనెకూ, లేహ్యానికీ వేరే వసూలు చేసేవారున్నారు. చివరికి ఆపరేషను ఖర్చుకు దగ్గరగా తేలుతుంది.

హస్తవాసి అనే మాట ఒకటి మనవారిలో ఉంది. డాక్టర్ల విషయంలోనూ ఆ మాటే వాడతారు. హస్తవాసి ఎంత మంచిదైనా, నయమైనవారు మాత్రమే ఊళ్లో తిరిగి చెబుతారు. చెయ్యి పోయినవారు సిగ్గుతో, బాధతో ఇంట్లోనే ఉంటారు. అందుకని "నీ దగ్గర నయం కానివారు ఎవరైనా ఉన్నారా" అని విచారించడం, ఆ ఊళ్లోనే పక్క వీధిలో అడగడం మంచిది.

పథ్యాల సంగతి కూడా ఒక మాట. కట్టు కట్టినవారు కూర ఒకటి, పప్పు ఒకటి మానిపించడం రివాజు. ఎముక అతికేటప్పుడు ఒంటికి మాంసకృత్తులు, సున్నం ఎక్కువ కావాలి. పాలు, గుడ్లు, పప్పులు, రాగులు, చిన్న చేపలు తినవలసిన సమయంలో చారన్నంతో సరిపెట్టడం ఎముకకు చేటు. నల్లేరు పచ్చడి తినడానికి అభ్యంతరం లేదు. అస్థిసంహారమని ఆయుర్వేదంలో దానికి పేరుంది. దాని మీద పరిశోధనలూ జరిగాయి. నల్లేరు తింటున్నాం కదా అని ఆసుపత్రి మానుకోకపోతే చాలు.

చట్టం, ఖర్చు

అర్హత, నమోదు లేకుండా వైద్యం చేయడానికి పరంపర ఒక్కటే ఆధారం కాదని 2018 ఏప్రిల్‌లో కేరళ సంప్రదాయ వైద్యుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2020లో అమలులోకి వచ్చిన జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం నమోదు లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కాగితం మీద ఇంత ఉన్నా బోర్డులు వెలుస్తూనే ఉన్నాయి. చెయ్యి పోయినవారు కేసు పెట్టడానికి రసీదు ఉండదు, చీటీ ఉండదు, కట్టిన తేదీకి సాక్ష్యం ఉండదు. నాటు కట్టు కట్టించుకున్నా డబ్బు ఇచ్చినప్పుడు చీటీ అడగడంలో తప్పు లేదు.

ఆసుపత్రి అంటే రాడ్డే అన్న భయం కూడా పూర్తిగా నిజం కాదు. విరిగినవాటిలో చాలా వాటికి ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా పిండికట్టుతోనే సరిపెడతారు. పిండికట్టు అవసరమా, ఆపరేషను అవసరమా అన్నది ఫిల్ము చూసి చెబుతారు. ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషను అంటే, మరో డాక్టరుకు అదే ఫిల్ము చూపించి అడిగే హక్కు రోగికి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, పేర్లు మారుతూ రెండు రాష్ట్రాలలోనూ నడుస్తున్న పథకం కింద తమ దెబ్బ వస్తుందో రాదో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. కార్డు వెంట తీసుకుపోవాలి.

దెబ్బ తగిలిన వెంటనే ఇంట్లో చేయవలసిన పని కొంచెమే. వంకర తిరిగిన చెయ్యిని సరిచేయబోవద్దు. ఎలా ఉన్నదాన్ని అలాగే, గొడుగు కర్రో, నాలుగు మడతలు వేసిన వార్తాపత్రికో ఆసరా పెట్టి, మెత్తని గుడ్డతో వదులుగా కట్టాలి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మొలతాడుకు కట్టినట్టు బిగిసే తాళ్లు వాపు రాకముందే తీసేయాలి. మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక తిండి, నీరు పెట్టకూడదు. దెబ్బ తగిలిన వేళ ఎంతో గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పాలి.

కట్టు విప్పిన తర్వాత కీలు బిగుసుకుని ఉండడం మామూలే. అప్పుడు మళ్లీ తోమేవారి దగ్గరికి పరుగెత్తనక్కరలేదు. గోరువెచ్చని నీళ్లలో ముంచి, ఎవరి కీలును వారే మెల్లగా రోజుకు నాలుగైదు సార్లు ఆడించుకోవాలి. ఇతరులు బలవంతాన వంచరాదు. జిల్లా ఆసుపత్రులలో ఇందుకు వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టులు ఉంటారు. పాత ఎక్స్‌రే ఫిల్ములు చూరులో దోపి ఉంచకుండా, చెమ్మ తగలని చోట దాచి, వెళ్లినప్పుడల్లా వెంట తీసుకువెళ్లాలి.